తువ్వాలు కింద తీర్పు

"బుధవారం సాయంత్రం ఇంద్రసేనయ్య పత్తి మండీకి పోయినావా, లేదా?"

"పోయినాను సార్."

"ఎందుకు?"

"రమ్మని కబురు పంపినాడు. పోతే బయట తాళం వేసి ఉండాది. కొంచెంసేపు నిలబడి, వచ్చేసినా."

"నిన్ను చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"లేరు సార్."

జిలాని బాషా లాకప్ గోడకు ఆనుకొని కూర్చున్నాడు. మాటల్లో కోపం లేదు, భయమూ లేదు. ఇంకెవరి సంగతో అడిగితే తెలిసినంతవరకు చెబుతున్నట్టుగా ఉంది. సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్ సుంకప్ప కటకటాల ఇవతల స్టూలు వేసుకొని అతని ముఖమే చూస్తున్నాడు. వర్తకుల సంఘం పట్టుబట్టడంతో జిల్లా ఎస్పీ ఆయన్ను ఆ శుక్రవారం ఉదయమే కర్నూలు నుంచి ఆదోనికి పంపించాడు.

జిలాని ఆదోని కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. సొంతూరు ఎమ్మిగనూరు. మగ్గం నేసే ఇంట్లో చదువుకున్న మొదటివాడు. జిన్నింగు మిల్లుల్లో పత్తి పోగుల మీద కరెంటు ఎట్లా పుడుతుంది, ఏ ఘడియలో అది నిప్పు అవుతుంది అన్న దాని మీద నాలుగేళ్ళు పనిచేశాడు. ఇటలీలో జరిగే అంతర్జాతీయ భౌతికశాస్త్ర సదస్సు ఆ పేపరు చదవమని పిలిచింది. పిలుపు వచ్చింది గాని ప్రయాణానికి డబ్బు రాలేదు.

ఆ డబ్బు ఇచ్చేది ఆదోని పత్తి వర్తకుల విజ్ఞాన ధర్మనిధి. మార్కెట్‌కు వచ్చే ప్రతి బండిలోనుంచి ధర్మం కింద పిడికెడు పత్తి తీసిపెడతారు. వెనుక ఒకసారి ఒక సైంటిస్టును ఇట్లాగే విదేశీ సదస్సుకు పంపితే, ఆయన తిరిగొచ్చి మిల్లు మిషన్లకు భూమిలోకి తీగ వేయించాడు. నిప్పు ప్రమాదాలు తగ్గాయి. అప్పటినుంచి ఏడాదికి ఒక్కరిని పంపుతున్నారు. ఈ ఏడు ఇద్దరు అడిగారు. ఒకరు జిలాని. రెండోవాడు హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేసే ఆదోని కుర్రాడు, డాక్టర్ బాలకృష్ణ. నిధి అధ్యక్షుడు ఇంద్రసేనయ్య బాలకృష్ణ పేరు చెప్పాడు. రెండు రోజులకు ఇంద్రసేనయ్య తన మండీలోనే తల పగిలి చచ్చిపడి ఉన్నాడు.

"మీటింగులో అరిచినావంట?"

"అరిచినా సార్. మీ తువ్వాలు కింద న్యాయం లేదన్నా."

"ఎందుకన్నావు?"

"మగ్గం గుంతలోనుంచి వచ్చినోనికి విమానం ఎందుకులే అనుకున్నారేమో అనిపించింది."

"ఇప్పుడేమనిపిస్తుంది?"

"ఇప్పుడేమీ అనిపించడం లేదు సార్."

"సదస్సు మళ్ళీ రాదా?"

"సదస్సు వస్తాది. పోలండులో ఇద్దరు ఇదే పని చేస్తాండారు. ముందు ఎవరు చెప్తే వాళ్ళది. తర్వాత చెప్పేది ఎవురికీ అక్కరలేదు." కొంచెం ఆగి, "ఉరి వేస్తారా సార్?" అని అడిగాడు. బస్సు వస్తుందా అని అడిగినట్టే.

సుంకప్ప స్టూలు మీదినుంచి లేచాడు. సాయంత్రం అతణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి కర్నూలు జైలుకు పంపుతారు. ఒకసారి ఆ గేటు దాటితే ఆదివారం బొంబాయిలో లేచే విమానం సంగతి ఇక ఎవరూ మాట్లాడరు.

"అయిందా అప్పా పరామర్శ?"

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గోవిందన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకే బ్యాచిలో ట్రైనింగు అయినవాళ్ళు. అప్పటినుంచీ ఒకరి కేసులో ఇంకొకరు వేలు పెడితే పడదు.

"నీ కేసు ఒకసారి చెప్పు, వింటాను" అన్నాడు సుంకప్ప.

"చెప్పేదానికేముంది? పదిమందిలో అరిచినాడు. సాయంత్రం మండీకి పోయినానని వాడే ఒప్పుకున్నాడు. ముసలాయన కుడిచేతి వేళ్ళు సూసినావు కదా? కాల్చినాడు. మాట మార్చుకొని నా పేరు చెప్పమని కాల్చినాడు. ఆయన వినలేదు. తూకం గుండు ఎత్తి వేసినాడు. ఇంకేం కావాల నీకు?"

"వేళ్ళు చూసినాను. అందుకే అడుగుతున్నా. చిటికెన వేలి మీద మచ్చ తెల్లబడి ఉంది. ఉంగరం వేలి మీద పొక్కు ఎండి పొట్టు లేచింది. చూపుడు వేలిది ఒక్కటే పచ్చిగా ఉంది. కాల్చేవాడు ఒక పూటలో కాలుస్తాడు గాని నెలకొక వేలు కాలుస్తాడా గోవిందన్నా?"

గోవిందన్న నవ్వాడు. "డాక్టరు కాలిన గాయాలని రాసినాడు. పాతవో కొత్తవో నీకు ఎక్కువ తెలిస్తే ఆస్పత్రిలో చేరు. సాయంత్రం వరకే నీ టైము. నా వ్యాను ఆగదు."

* * *

మండీ మార్కెట్ యార్డు చివరి వరుసలో ఉంది. ముందు గదిలో పరుపు, దిండ్లు, టెలిఫోను. వెనుక గదిలో పత్తి కుక్కిన గోనె బోరాలు. బోరాల పక్కన గచ్చు మీద కడిగినా పోని మరక. తూకం గుండు పోలీసులు తీసుకుపోయారు. ఇనప్పెట్టె ముట్టుకున్నవాళ్ళు లేరు. తాళంచెవి దానికే వేలాడుతోంది.

తలుపు తీసినవాడు చనిపోయినాయన తమ్ముడి కొడుకు రాఘవేంద్ర. ముప్పై ఏళ్ళ మనిషి. పెదనాయన దగ్గరే పెరిగి వ్యాపారం చూసుకుంటున్నాడు. గుండు చేయించుకొని ఉన్నాడు. అడిగినదానికి తలూపడమే గాని కళ్ళెత్తడం లేదు.

"గురువారం పొద్దున నువ్వు వచ్చేసరికి తలుపు ఎట్లా ఉంది?"

"దగ్గరికి వేసి ఉండె సార్."

"తాళం?"

"లేదు."

"ముందు రోజు సాయంత్రం నువ్వు ఈడికి వచ్చినావా?"

"రాలేదు సార్."

సుంకప్ప ఇనప్పెట్టె తాళంచెవిని చేతిలోకి తీసుకున్నాడు. దాని పిడికి గుడ్డ పేలిక గట్టిగా చుట్టి ఉంది. కిరసనాయిలు స్టవ్వు దగ్గరికి వెళ్ళాడు. స్టవ్వు చెవికీ గుడ్డే. టీ గ్లాసుకు ఎవరో ఉన్నితో అల్లిన తొడుగు. పరుపు మీద ఇంద్రసేనయ్య కూర్చునే చోట కుడివైపు దిండు కొత్తదానిలా ఉంది, ఎడమవైపుది నలిగి నల్లబడి ఉంది. బీడీల డబ్బా, అగ్గిపెట్టె, టెలిఫోను అన్నీ ఎడమవైపే.

"ఆయనది ఎడమచేతి వాటమా?"

రాఘవేంద్ర చప్పున కళ్ళెత్తాడు. మళ్ళీ దించుకున్నాడు. "కాదు సార్."

వెనుకే వచ్చిన గోవిందన్న విసుక్కున్నాడు. "ఏమప్పా, గుడ్డపేలికలు లెక్కపెట్టేదానికి కర్నూలు నుంచి వచ్చినావా? ముసలోళ్ళకు మడి, మైల అని ఏదో ఉంటాది."

"మడి ఉన్నవాడు టీ గ్లాసుకు చొక్కా తొడగడు" అన్నాడు సుంకప్ప.

* * *

సంఘం ఆఫీసులో ధర్మనిధి సభ్యులు ఐదుగురూ కూర్చొని ఉన్నారు. వాళ్ళలో పెద్దవాడు చోటే సాబ్. పత్తి దలాలీలో తల నెరిసినవాడు. ఆ పక్క కుర్చీలో బాలకృష్ణ. సాయంత్రం బొంబాయి రైలుకు బయలుదేరుతున్నందున అప్పుడే ఇస్త్రీ చేసిన కోటు వేసుకొని ఉన్నాడు.

"నాకు ఈ ప్రయాణం మీద మనసు లేదు సార్" అన్నాడు బాలకృష్ణ లేచి నిలబడి. "ఇంద్రసేనయ్యగారు పోయినాక ఎట్లా పోయేది? కానీ నేను పోకపోతే ఈ అవకాశం ఎవరికీ దక్కదు. నిధి వృథా అవుతుంది."

"బుధవారం యాడుంటిరి?"

"ఉరుకుందకు పోయినాను. ఈరన్న స్వామికి మొక్కు. చీకటి పడినాక వచ్చినాను."

"సదస్సు అయినాక తిరిగొస్తారా?"

బాలకృష్ణ చిన్నగా నవ్వాడు. "ఆడ ఒక ప్రొఫెసరు నన్ను చూడాలంటున్నాడు. ఈడ నా ఉద్యోగం మార్చికి అయిపోతుంది. చూస్తాము సార్." నమస్కారం పెట్టి, సామాను సర్దుకోవాలని వెళ్ళిపోయాడు.

సుంకప్ప చోటే సాబ్ వైపు తిరిగాడు. "ఆ రోజు తీర్పు ఎట్లా జరిగింది?"

"మా పద్ధతిలోనే సార్. తువ్వాలు కింద."

ఆదోని పత్తి మార్కెట్లో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి ఒక తువ్వాలు కింద కలుస్తాయి. ఎన్ని వేళ్ళు పట్టుకొని నొక్కితే అంత ధర. చుట్టూ ఎంతమంది ఉన్నా ఇంకొకరికి తెలియదు. దానికి రెండే కట్టుబాట్లు. తువ్వాలు కింద అబద్ధం ఆడకూడదు. తువ్వాలు కింద చెప్పింది మళ్ళీ నోటితో చెప్పకూడదు. సైంటిస్టును ఎంచుకోవడానికీ వర్తకులు అదే వాడుకున్నారు. ఒక్కొక్కరే వచ్చి అధ్యక్షుడి చేతిలో నొక్కారు. బాలకృష్ణకైతే ఒక వేలు, జిలానికైతే రెండు. ఐదు చేతులూ అయ్యాక ఆయన పేరు చెప్పాడు. కాగితం లేదు.

"మీరు ఎన్ని వేళ్ళు నొక్కినారు?"

"తౌబా తౌబా! నోటితో అడగొద్దు సార్. నలబై ఏండ్ల నుంచి ఈ చెయ్యి ఏం చెప్పిందో నా బీబీకి గూడా తెలీదు."

మిగతావాళ్ళూ తలలు అడ్డంగా ఊపారు. గోవిందన్న గడియారం చూసుకున్నాడు.

సుంకప్ప చోటే సాబ్ భుజం మీది తువ్వాలు తీసుకొని తన కుడిచేతి మీద పరుచుకున్నాడు. "నోటితో వద్దు. నన్నే ఇంద్రసేనయ్య అనుకోండి. ఆ రోజు ఏం నొక్కినారో అదే నొక్కండి."

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తప్పేమీ కనబడలేదు. చోటే సాబ్ ముందు వచ్చాడు. గరుకైన చెయ్యి తువ్వాలు కిందికి దూరి సుంకప్ప రెండు వేళ్ళను పట్టి నొక్కింది. తర్వాతివాడు రెండు. ఆ తర్వాతివాడు ఒకటి. మళ్ళీ రెండు. మళ్ళీ రెండు.

సుంకప్ప తువ్వాలు మడిచి ఇచ్చేశాడు. నలుగురు జిలాని అన్నారు. ఇంద్రసేనయ్య బాలకృష్ణ అన్నాడు.

బయటికి వచ్చాక గోవిందన్నకు ఈ మాట చెబితే అతను ఆగిపోయాడు. తర్వాత తేరుకొని, "ఇంకా మంచిది" అన్నాడు. "ముసలోడు లంచం తిని మోసం చేసినాడు. ఆ సంగతి జిలానికి తెలిసింది. చంపినాడు. నా కేసు గట్టిపడింది."

"ఆ మనిషి మార్కెట్లో ఎప్పుడైనా మాట తప్పినాడా?"

"తప్పలేదంట."

"అట్లయితే ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు తెలియలేదు." సుంకప్ప జీపు ఎక్కాడు. "ఎమ్మిగనూరు పోయి వస్తాను."

* * *

జిలాని తల్లి కుల్సుంబీ గుమ్మంలో కూర్చొని రాట్నం మీద కండెలు చుడుతోంది. పోలీసు జీపు చూసి లేవలేదు. చెయ్యి ఆపలేదు.

"జిలాని సంగతి మాట్లాడాలమ్మా."

"నిన్న పొద్దు మునిగేదాకా స్టేషన్ ముందర కూసుంటి సారూ. లోపలికి పోనీలేదు. ఇంటికొచ్చి పని చేసుకుంటాండా. ఏం చెయ్యాల్నో తెలీలేదు."

"ఇంద్రసేనయ్య మీకు తెలుసా?"

రాట్నం ఆగింది.

"ఈడికి వచ్చినాడు కదమ్మా?" అన్నాడు సుంకప్ప. ఊహించి వేసిన మాట అది. ఆమె కాదంటుందేమోనని చూశాడు. ఆమె కాదనలేదు.

"బుధవారం మధ్యాన్నం వచ్చినాడు. నా కొడుకు ఇంట్లో లేకపోయె. ఎవరో స్కూటరు మింద తెచ్చిరి. అంత పెద్దాయన మా ఇంటికి రావడమేంది? చాప పరిచినా. చాయ్ ఇచ్చినా. అప్పుడే పొయ్యి మిందనుంచి దించిన చాయ్. నేను అంచు పట్టుకొని ఇచ్చినా. ఆయన కుడిచేత్తో గట్టిగా పట్టుకొన్నాడు సారూ. పట్టుకొని మాట్లాడతానే ఉండాడు. వేలు కాలతాంది. తోలు పొక్కతాంది, నాకు కనపడతాంది. ఆయనకు తెలీలేదు."

ఆమె తన చేతి వేళ్ళను చూసుకుంది.

"నేను అయ్యో అని గ్లాసు లాక్కుంటి. అప్పుడు సూసుకొన్నాడు. 'చెయ్యి సచ్చిపోయిందమ్మా, ఏడాది నుంచి' అన్నాడు. 'మీటింగులో ఎవరు ఎన్ని వేళ్ళు నొక్కినారో నాకు తెలీలేదు. చెయ్యి చూసుకుందామంటే తువ్వాలు కప్పి ఉండాది. అందరూ నా నోరు సూస్తాండారు. ఏదో ఒక పేరు చెప్పాల. చెప్పినా. నీ కొడుక్కు అన్యాయం జరిగిందేమో. రేపు పొద్దున మార్కెట్లో అందరి ముందరా నోటితోనే చెప్తా, నా చెయ్యి సచ్చింది, ఆ తీర్పు చెల్లదు అని.' ఇదే సారూ ఆయన చెప్పింది."

"ఈ మాట పోలీసులకు ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆమె కండె తీసి పక్కన పెట్టింది. "అది ఏం రోగమో నాకు తెలుసు సారూ. మా మేనత్తకు ఉండె. కాలినా తెలీదు, కోసుకున్నా తెలీదు. అట్లాంటి మనిషి మా ఇంట్లో చాయ్ తాగినాడంటే మేము నేసిన చీర ఎవరు ముట్టుకుంటారు? ఆయన పోయినాక గ్లాసు పారేసినా. గుమ్మం కడిగినా." ఆమె గొంతు మారలేదు. "నా కొడుకు కోసరం వచ్చినోని గుమ్మం కడిగినా."

"ముట్టుకున్నంత మాత్రాన అంటుకోదమ్మా. మందు కూడా ఉంది."

"ఆయనకు ఎవరూ చెప్పలేదేమో" అంది కుల్సుంబీ.

"స్కూటరు తెచ్చినవాడు ఎవరు?"

"లోపలికి రాలేదు. గుమ్మం దగ్గర నిలబడి నీళ్ళడిగినాడు. నల్ల కండ్లద్దాలు పెట్టుకొని ఉండె. ఆయన చెల్లదు అన్నప్పుడు ఆ అబ్బి నీళ్ళు తాగకుండానే చెంబు కింద పెట్టేసినాడు. మళ్ళీ సూస్తే గుర్తు పడతా."

సుంకప్పకు గుండు చేయించుకున్న రాఘవేంద్ర కళ్ళ ముందు మెదిలాడు.

* * *

తిరిగొచ్చి యార్డులో గంటసేపు విచారించి మండీకి వచ్చేసరికి బండ్లు వెళ్ళిపోయాయి. మండీ ముందర గోవిందన్న వ్యాను ఆగి ఉంది. లోపల జిలాని, పక్కన ఇద్దరు కానిస్టేబుళ్ళు.

"కోర్టుకు పోతాండా" అన్నాడు గోవిందన్న. "నీకు మర్యాద ఇచ్చి ఈడ ఆపినా. ఐదు నిమిషాలు."

సుంకప్ప లోపలికి వెళ్ళి రాఘవేంద్ర ఎదురుగా పరుపు మీద కూర్చున్నాడు. గోవిందన్న గుమ్మంలో నిలబడ్డాడు.

"చెయ్యి చచ్చినవాడు ఏడాదిపాటు మార్కెట్లో బేరాలు ఎట్లా చేసినాడు రాఘవేంద్రా?"

రాఘవేంద్ర పరుపు మీది ముడత సరిచేశాడు.

"యార్డులో అడిగి వచ్చినా. ఈ ఏడాది నుంచి ఆయన తువ్వాలు కింద మీ ఇద్దరి చేతులూ ఉండేవంట. పిల్లోడు పని నేర్చుకుంటాడని అందరికీ చెప్పినాడు. నేర్చుకునేదేం లేదు. ఎదుటోడు నొక్కింది నువ్వు పట్టుకొని ఆయన మోచెయ్యి మీద చెప్పేవాడివి. ధర్మనిధి మీటింగులో నువ్వు సభ్యుడివి కావు కాబట్టి లోపలికి రానియ్యలేదు. అవునా?"

రాఘవేంద్ర తలూపాడు.

"జిలాని వచ్చినప్పుడు బయట తాళం ఉండాదన్నాడు. ఈ తలుపుకు తాళంచెవులు రెండే. ఒకటి లోపల శవం దగ్గర ఉండె. రెండోది నీది. శవాన్ని లోపల పెట్టి తాళం వేసింది నువ్వే. పొద్దున వచ్చి తీసింది నువ్వే. అప్పుడేం జరిగిందో చెప్పు."

"నోటితో చెప్పనని పెదనాయనకు ప్రమాణం చేసినా సార్." చాలా నెమ్మదిగా అన్నాడు. "ఆయన చెయ్యి సంగతి ఈ నోట రాదని."

"నోటితో వద్దులే."

సుంకప్ప దండెం మీది తువ్వాలు తీశాడు. తన చెయ్యి, రాఘవేంద్ర చెయ్యి కలిపి పైన కప్పాడు. గుమ్మం దగ్గర గోవిందన్న పకపకా నవ్వాడు.

"ఆయన్ను కొట్టిందెవరు? జిలాని అయితే ఒక వేలు. నువ్వయితే రెండు. వేరే మనిషి అయితే మూడు."

తువ్వాలు కింద ఆ చెయ్యి చల్లగా ఉంది. సుంకప్ప రెండు వేళ్ళ కోసం ఎదురుచూస్తున్నాడు.

మూడు వేళ్ళు నొక్కింది.

బయట చెప్పుల చప్పుడు, నవ్వులు. చోటే సాబ్ లోపలికి వచ్చాడు. చొక్కా మీద చామంతి రేకులు అంటుకొని ఉన్నాయి. "రైలెక్కించి వచ్చినాం సార్. సంఘమంతా పోయినాం. ఎవరి పెళ్ళికీ ఇన్ని దండలు వేసి ఉండరు మన బాలకృష్ణకు!"

సుంకప్ప చేతిలోని వేళ్ళు ఒక్కసారిగా బిగుసుకున్నాయి. నొక్కడం కాదు. మునిగిపోయేవాడు పట్టుకున్నట్టు.

సుంకప్ప తువ్వాలు తీసేశాడు. "స్కూటరు బాలకృష్ణది" అన్నాడు. "ఇద్దరికీ తానే చెప్పాలని పెద్దాయన అతణ్ణి వెంట తీసుకుపోయినాడు. అవునా?"

"ఆపు అప్పా" అన్నాడు గోవిందన్న. ఈసారి నవ్వలేదు. టెలిఫోను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "రైలు ఆపించాలంటావు. ఎవరి మాట మీద? కోర్టులో ఏం చెప్తావు, వేళ్ళు చెప్పినాయనా? నోటి సాక్ష్యం కావాల నాకు. లేకుంటే ఆ వ్యాను పోతాది."

రాఘవేంద్ర తలుపులోనుంచి వ్యాను వైపు చూశాడు. జిలాని ఇటు చూడడం లేదు. తన చేతి బేడీలనే చూసుకుంటున్నాడు.

"మా పెదనాయన కుడిచెయ్యి సచ్చిపోయింది" అన్నాడు రాఘవేంద్ర. గొంతు పెద్దదయింది. "కుష్టు. ఏడాది నుంచి. బుధవారం ఎమ్మిగనూరు నుంచి వచ్చినాక ఇద్దరూ లోపల మాట్లాడుకుంటాండారు. నేను గేటు దగ్గర ఉన్నా. 'ఈ ఒక్కసారి నోరు మూసుకో పెద్దాయనా' అని బాలకృష్ణ బతిమాలుతాండె. తర్వాత చప్పుడు లేదు. అతను బయటికొచ్చి తొట్టి దగ్గర చేతులు కడుక్కొని స్కూటరెక్కినాడు. నేను లోపలికి పోయి సూసినా. తాళం వేసినా."

"సూసి గూడా ఊరకున్నావా?" అరిచాడు గోవిందన్న.

"పట్టిస్తే ఎందుకు చంపినాడంటారు. తీర్పు చెల్లదన్నందుకు అనాల. ఎందుకు చెల్లదంటారు. ఆ మాట రాకూడదంటే మొదటి మాటే చెప్పకూడదు సార్. వేళ్ళు కాల్చి చంపినారని మీరే అన్నారు. ఇంక ఆ చెయ్యిని ఎవరూ అడగరులే అనుకున్నా."

చోటే సాబ్ తన కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. ఆ తువ్వాలు కిందికి ఎన్ని వేలసార్లు పోయిన చెయ్యి అది. భుజం మీది గుడ్డతో తుడుచుకోబోయి ఆగాడు. గుడ్డ వదిలేసి, ఆ చెయ్యిని రాఘవేంద్ర గుండు మీద పెట్టాడు.

గోవిందన్న టెలిఫోను మీదినుంచి చెయ్యి తీశాడు.

సుంకప్ప ఫోను చేస్తే ఆదోని స్టేషన్ మాస్టరు రాయచూరుకు రైల్వే ఫోనులో చెప్పాడు. అక్కడి రైల్వే పోలీసులు బండి ఎక్కుతారు, జవాబు ఈ నంబరుకే వస్తుంది. ఎదురుచూస్తుండగా గోవిందన్న తానే వెళ్ళి బేడీలు విప్పి జిలానిని లోపలికి తెచ్చాడు. క్షమించమని మాత్రం అనలేదు. అతనికి ఆ అలవాటు లేదు.

"నీకు నాలుగు చేతులు పడినాయి జిలానీ" అన్నాడు సుంకప్ప. "గెలిచింది నువ్వే."

"అట్లనా సార్" అన్నాడు జిలాని. మణికట్టు రుద్దుకోను కూడా లేదు.

"రేపటి బండికి పోతే ఆదివారానికి బొంబాయిలో ఉండొచ్చు కదా? ఏదన్నా చేస్తాం నాయనా" అన్నాడు చోటే సాబ్. జిలాని తలూపాడు. విన్నాడో లేదో తెలియలేదు.

టెలిఫోను మోగింది. సుంకప్ప తీశాడు.

"బెర్తు మీద దండలున్నాయంట. కోటుంది. మనిషి లేడు" అన్నాడు రిసీవరు పెట్టకుండానే. "మంత్రాలయం రోడ్డు స్టేషన్‌లో దిగి బస్టాండు దారి పట్టినాడని పక్క బెర్తు ఆయన చెప్పినాడు. ఆడ ఎందుకు దిగుతాడు?" ఆయన చోటే సాబ్ వైపు చూశాడు. "స్టేషన్‌లో అతనితో ఏం మాట్లాడినారు?"

"ఏముంది సార్? కేసు యాడికొచ్చిందని అడిగినాడు. సి.ఐ.డి. సారు ఎమ్మిగనూరు పోయినాడు, జిలానీ వాళ్ళమ్మ ఎవరినో సూసిందంట, గుర్తు పడతాదంట అని..." చోటే సాబ్ మాట అక్కడే నిలిచిపోయింది. "మీ డ్రైవరు చెప్పినాడు సార్. యార్డులో అందరికీ చెప్పినాడు."

మంత్రాలయం రోడ్డు నుంచి ఎమ్మిగనూరుకు బస్సుంది.

జిలాని బాషా కుర్చీలోనుంచి లేచాడు. పొద్దుటినుంచి ఒకే తీరుగా ఉన్న ఆ ముఖం అప్పుడు కదిలింది. సుంకప్ప చొక్కా పట్టుకున్నాడు.

"మా ఇంటికి తలుపు గడియ లేదు సార్" అన్నాడు. "అమ్మ ఒక్కతే ఉంటాది."